పంది మలుపు దగ్గర లిబ్బీ

మా నెబ్రాస్కా రహదారి లిపా ఊళ్ళో ధాన్యం గోదాముల దగ్గర బయలుదేరి, వాగు మీది వంతెన దాటి, మొక్కజొన్న చేల మధ్య ముక్కుసూటిగా పడమటికి పోతుంది. ఒక్కచోట మాత్రం చటుక్కున పక్కకు తిరిగి మళ్ళీ దారిలో పడుతుంది. అదే పంది మలుపు. ఆ మలుపులోనే ఉంది లిబ్బీ హవ్లిచెక్ రొట్టెల కొట్టు.

గుర్రబ్బళ్ళ బాటకు కంకర పోసే రోజుల్లో లిబ్బీ తాత ఆంటోన్ పెంచుతున్న పంది సరిగ్గా రోడ్డు పడాల్సిన చోట ఈనింది. "పిల్లలు పాలు మానేదాకా దాన్ని కదపను" అని ఆయన భీష్మించుకు కూర్చున్నాడట. కంకర వాళ్ళు ఎంతకని ఆగుతారు? పందిని చుట్టి పోయారు. తర్వాత తారు పడింది, నంబరు పలక వచ్చింది, మలుపు మాత్రం అలాగే ఉండిపోయింది.

లిబ్బీకి డెబ్బై దాటాయి. నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. గసగసాలు కూరిన కొలాచీ బన్ను ఒకటి అడిగితే రెండు పెడుతుంది, వద్దంటే తిడుతుంది. మలుపులో ఎవరైనా బండి నెమ్మది చెయ్యాల్సిందే, చేస్తే ఆ వాసనకు లొంగాల్సిందే. పాల లారీ తోలే నేను రోజూ లొంగుతాను.

మా వాళ్ళది పొదుపు పలకరింపు. ఎదురు బండి కనిపిస్తే స్టీరింగు మీద చూపుడువేలు లేపుతాం, అంతే. చెయ్యంతా ఊపేవాడు పరాయివాడైనా అయ్యుండాలి, తాగైనా ఉండాలి. లిబ్బీ ఒక్కతే గుమ్మంలో నిలబడి రెండు చేతులూ ఊపుతుంది.

పోయిన వసంతంలో రోడ్ల శాఖ వాళ్ళు మలుపు తీసేసి రోడ్డు తిన్నగా వేస్తామన్నారు. అంటే కొట్టు మూతే. బడి ఆటల హాల్లో మీటింగు పెడితే ఊరంతా వచ్చింది. ట్రెంట్ అనే కుర్ర అధికారి పటం చూపించి, "వద్దనేవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు.

లిబ్బీ తప్ప ఒక్కరూ ఎత్తలేదు.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. అంత గట్టి మనిషి మొహం వాడిపోయింది.

"నా బన్నులు తిని బలిసిన మొహాలు! ఒక్కడికీ చెయ్యి లేవదట్రా?"

"ఎత్తే ఉంచాంగా! ఇంకెంత ఎత్తాలి?" అని గొణిగాడు పందుల రైతు ఎమిల్.

అప్పుడు చూసింది లిబ్బీ. వరసల నిండా మోకాళ్ళ మీద చేతులు, ప్రతి చేతికీ లేచి నిలబడ్డ ఒక్క చూపుడువేలు. నాదీ లేచే ఉంది.

"బాబూ, పైన కాదు, మోకాళ్ళ మీద చూడు!" అని హాలు దద్దరిల్లేలా అరిచింది.

ట్రెంట్ వంగి చూశాడు. "ఇది చెయ్యెత్తడమా?"

"మా ఆవిణ్ణి పెళ్ళికి అడిగినప్పుడు కూడా ఇంతే ఎత్తాను. ఆవిడకి అర్థమైంది మరి" అన్నాడు ఎమిల్. ట్రెంట్‌తో సహా అందరం పగలబడి నవ్వాం.

మలుపు నిలిచింది. కాస్త వెడల్పు చేసి, ముందు పసుపుపచ్చ బోర్డు పాతారు.

ఆకురాలు కాలంలో నేను కొట్లో కూర్చుని ఉండగా ట్రెంట్ రోడ్డు పని చూసుకుని కార్లో తిరిగి వెళుతున్నాడు. మలుపులో నెమ్మదించి, స్టీరింగు మీంచి చూపుడువేలు లేపాడు. లిబ్బీ రెండు చేతులూ ఊపబోయి ఆగింది. పిండి అంటుకున్న వేలు ఒక్కటే లేపింది.