ఊళ్ళో ఒకటే పేరు

అందరూ పిల్లల్ని బంగారు కొండ అని ముద్దు చేస్తారు. వెండిపని మేస్త్రి మాత్రం తన కూతుర్ని వెండికొండ అనేవాడు. అందులో తప్పేం లేదు, ఆ పిల్ల పేరుకి అర్థమే వెండి. లుజైన్. అరబీ మాట. ఆ వీధిలో ఆ పేరు ఇంకెవరికీ లేదు, ఊళ్ళో ఉన్నట్టూ ఎవరూ వినలేదు. బళ్ళో చేర్చిన కొత్తలో టీచరమ్మ హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర ఆగి, నీళ్ళు నమిలి, "ఇదెవరో నువ్వే లేచి చెప్పమ్మా" అందట. ఆ ముచ్చట మేస్త్రి తన కొట్టుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. విన్నవాళ్ళకే మళ్ళీ చెప్పేవాడు.

పేరెవరు పెట్టారని అడిగితే "నేనే" అనేవాడు. నిజానికి ఆ పేరు ఆసుపత్రి మంచం మీద భార్య నోట వచ్చింది. కాన్పు కష్టమై, చాలా రోజులు జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉండి, లేచి కూచున్న పూట ఆమె, "లుజైన్ అని పెడదామండీ, వెండి అని అర్థమట" అంది. మేస్త్రి ఉబ్బితబ్బిబ్బైపోయాడు. బొగ్గులో, పొగలో తను చేసే పనిని మనసులో పెట్టుకుని, పెళ్ళాం తన మీద ప్రేమకొద్దీ వెతికి తెచ్చిన పేరనుకున్నాడు. ఆసుపత్రి మెట్లు దిగేసరికి "ఆవిడ చెప్పింది" కాస్తా "మేమిద్దరం అనుకున్నాం" అయింది. వీధి మలుపు తిరిగేసరికి "నేనే పెట్టాను" అయింది. పెళ్ళాం మాట మగాడి నోట్లో పడితే మామూలుగా జరిగేదే ఇది.

పిల్లకి కాస్త ఊహ తెలిశాక వెండి రేకు మీద ఆ పేరు చెక్కి, గొలుసుకి తగిలించి మెడలో వేశాడు. అలాంటి బిళ్ళ ఇంకెవరికీ చేసే పని పడదని ధీమా.

ఆ ధీమాకి నీళ్ళొదిలే రోజు వచ్చింది. వీధిలో కొత్తగా కళ్ళద్దాల షాపు తెరిచారు. షాపాయన ఓ పొద్దున మేస్త్రి కొట్టు ముందు నిలబడ్డాడు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ చొక్కా, గోళ్ళు పాలు పోసి కడిగినట్టున్నాయి. మేస్త్రి తన నల్లటి వేళ్ళని గుడ్డ కింద దాచుకున్నాడు.

"మా అమ్మాయి చేతి గొలుసండీ. కొక్కెం ఊడింది. కాస్త అతికించి పెడతారా?"

మేస్త్రి అందుకుని తిప్పి చూశాడు. గొలుసు మధ్యలో బిళ్ళ. బిళ్ళ మీద లుజైన్.

"ఎవరి పేరిది?" అన్నాడు.

"మా అమ్మాయిదేనండి. కొత్తగా ఉంది కదూ! ఈ ఊళ్ళో ఇంకెవరికీ ఉండదని పందెం కాస్తాను" అని నవ్వాడాయన. పలువరస కూడా బాగుంది, దొంగసచ్చినోడిది.

"ఎన్నేళ్ళు అమ్మాయికి?"

"పదిహేడు నడుస్తోంది. ఇక్కడి పెద్దాసుపత్రిలోనే పుట్టింది. ఆ తర్వాత మేం ఊరు మారిపోయాం. మళ్ళీ ఇన్నాళ్ళకి ఇటు వచ్చాం."

తన కూతురికీ పదిహేడే. అదే ఆసుపత్రి. ఎవరు పెట్టారండీ ఆ పేరు అనే ప్రశ్న మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. "నేనే" అంటాడేమోనని భయమేసి మింగేశాడు. తనకీ అదే పేరుగల కూతురుందని కూడా చెప్పలేదు. "నాలుగు రోజులాగి రండి" అన్నాడు. నాలుగు నిమిషాల పని అది.

ఆయనటు వెళ్ళాడో లేదో మేస్త్రికి అనుమానం మొదలైంది. ఇద్దరికి ఒకే పేరుండటం వింతేం కాదు. కానీ ఇది వీధికి పదిమందికి ఉండే పేరా? దీన్ని తన భార్య ఎక్కడ విన్నట్టు? "వెండి అని అర్థమట" అంది. అట! అంటే ఎవరో చెప్పారు. ఎవరు చెప్పారు? పదహారేళ్ళు ఆ మాట చెవిలో ఉన్నా, ఆ "అట" ఇవాళే వినబడింది.

కొట్టు కట్టేసి నేరుగా అరబీ మాస్టారింటికి వెళ్ళాడు. పక్క సందులో పిల్లలకి అరబీ చెప్పే పెద్దాయన ఆయన.

"మాస్టారూ, మా అమ్మాయి పేరు ఎంతమందికి ఉంటుంది?"

మాస్టారు సంబరపడిపోయారు. పాఠం చెప్పే అవకాశం దొరికితే ఆయనకి ఆకలి కూడా గుర్తుండదు. "అది పాత మాట నాయనా. మామూలుగా వెండిని ఫిద్దా అంటారు. లుజైన్ అనేది పాతకాలం కవిత్వంలో వినబడే మాట. చిట్టి వెండి అన్నట్టు ముద్దుగా ఉంటుంది. అరబ్బుల దగ్గర ఈ కాలం వాళ్ళు ఆడపిల్లలకి బాగానే పెడుతున్నారని విన్నాను. మన దగ్గరంటావా, ఇన్నేళ్ళలో నా దగ్గర చదివినవాళ్ళలో మీ అమ్మాయి ఒక్కతే."

"వేరే ఎవరికైనా వాళ్ళంతట వాళ్ళకే తట్టే అవకాశం ఉందా?"

"ఊరికే ఎలా తడుతుంది? ఒకరి నోట ఒకరు వింటే తప్ప" అన్నారు మాస్టారు. అని, "అంత మంచి పేరు వెతికావు, ఘటికుడివి" అని వీపు తట్టారు. పుండు మీద కారం చల్లడానికి ఒక్కోసారి మంచివాళ్ళే దొరుకుతారు.

అది మొదలు మేస్త్రి ఇంట్లో పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేలా ఉన్నాడు. కూరలో ఉప్పు ఎక్కువ, మంచినీళ్ళు గోరువెచ్చన, తలుపు చప్పుడు మరీ పెద్దది. భార్య ఊరుకుంది. ఊరుకుంటే దాచిపెడుతోందన్నాడు మనసులో. పలకరిస్తే మస్కా కొడుతోందన్నాడు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు, వీడికైతే లోకమంతా కళ్ళద్దాల షాపులాగే కనిపించింది.

అలాంటి సమయంలో ఆమె ఓ సాయంత్రం కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఇంట్లోకి వచ్చింది.

"ఎలా ఉన్నాయండీ? సూదిలో దారం ఎక్కించడానికి ఇక మిమ్మల్ని పిలవక్కర్లేదు."

"ఎక్కడ కొన్నావు?"

"మన వీధి షాపులోనే. ఎంత ఓపికో ఆయనకి! పది ఫ్రేములు చూపించాడు, ఒక్కసారి విసుక్కోలేదు."

మేస్త్రి కంచం ముందు నుంచి లేచిపోయాడు. ఆమె కళ్ళజోడు తీసి, అద్దాలు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని అతని వీపు వైపు చూసింది. కొత్త అద్దాల్లోంచి చూసినా ఏం అర్థం కాలేదు.

కొట్లో పనీ చెడింది. కొక్కేనికి టంకం వేయబోతే మంట ఎక్కువై వెండి కరిగి ముద్దయింది. కొత్త కొక్కెం చేసి మళ్ళీ అతికించాడు, మళ్ళీ ఊడింది. బుద్ధి తెలిశాక అతని చేతిలో వెండి మాట వినకపోవడం అదే మొదలు.

ఇంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది, అది అతను గమనించనేలేదు. కూతుర్ని పేరు పెట్టి పిలవడం మానేశాడు. వెండికొండ అనడం మానేశాడు. "ఇటు రా", "అది తే", "వినబడటం లేదా", ఇంతే. ఆ పేరు నోటికొస్తే దాని వెంటే ఆ ఇస్త్రీ చొక్కా, ఆ పలువరస కళ్ళ ముందుకొచ్చేవి. ఓ రోజు పిల్ల అన్నం తెచ్చి కొట్లో పెట్టి, గుమ్మం దగ్గర ఆగింది.

"నాన్నా, నేనేమైనా తప్పు చేశానా?"

"ఎందుకలా అడుగుతున్నావు?"

"ఊరికే" అని వెళ్ళిపోయింది. ఆ పిల్ల మొహంలో తన పోలికలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటున్నాడు మేస్త్రి ఆ క్షణాన. ముక్కు తనదే. గడ్డం తనదే. ఇలా లెక్కపెడుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ మధ్యాహ్నమే గొలుసు జేబులో వేసుకుని ఇంటికెళ్ళాడు. భార్య బట్టలు మడతపెడుతోంది. గొలుసు తీసి ఆ బట్టల మీద పడేశాడు.

"చదువు."

ఆమె కళ్ళజోడు సర్దుకుని చదివింది. ఒక్కసారిగా మొహం మారిపోయింది. దొరికిపోయిందనుకున్నాడు. దొరకకపోయినా బాగుండేదనుకున్నాడు.

"ఇదెక్కడిదండీ? ఆవిడ ఈ ఊళ్ళోనే ఉందా?"

"ఆవిడెవరు?"

"ఈ పిల్ల తల్లి!" ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "ఆసుపత్రిలో నా పక్క మంచం ఆవిడ. నాకు జ్వరం, పాలు పడలేదు, మిమ్మల్నేమో వార్డులోకి రానిచ్చేవారు కాదు. మన పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంటే తీసుకుని ఒళ్ళో వేసుకుంది. తన బిడ్డనొకవైపు, మన బిడ్డనొకవైపు. నేను లేచేదాకా ఆవిడ పాలే తాగింది మన పిల్ల. వాళ్ళమ్మాయికి అప్పటికే పేరనుకున్నారు. వెండి అని అర్థమని చెప్పింది. మా ఆయన వెండిపని చేస్తాడు అన్నాను. 'అయితే నీ బిడ్డకే ఇంకా బాగా నప్పుతుంది, నువ్వూ అదే పెట్టు, ఒకే పాలు తాగినవాళ్ళకి ఒకే పేరుంటే ఏం' అంది. తర్వాత ఎటు వెళ్ళారో తెలీలేదు."

మేస్త్రి మంచం అంచు మీద కూలబడ్డాడు. "మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకున్నా. నేను నోరు తెరిచేలోపే మీరు వీధంతా 'నేనే పెట్టాను' అని చెప్పుకుని వచ్చారు. అంత సంతోషం మీ మొహంలో అంతకుముందు చూడలేదు. పోనీలే, ఆ సంతోషం ఎందుకు పాడుచేయాలని ఊరుకున్నా." కళ్ళజోడు పైనుంచి చూస్తూ అడిగింది. "ఇన్నాళ్ళుగా ఈ ధుమధుమలన్నీ దీనికేనా?"

అతను గొలుసు తీసి జేబులో వేసుకున్నాడు. ఆమె మడతపెట్టిన చొక్కాని విప్పి మళ్ళీ మడతపెట్టింది. ఆమెకి అంతా అర్థమైందని అతనికి తెలిసిపోయింది. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

ఆ సాయంత్రం కొక్కెం ఒక్క ఊపులో అతుక్కుంది. "తెలిసినవాళ్ళని చూసొద్దాం" అని కూతుర్ని కూడా వెంటబెట్టుకుని ముగ్గురూ బయల్దేరారు. షాపు వెనకే వాళ్ళ కాపురం. లోపల్నుంచి వచ్చిన ఆవిడ మేస్త్రి భార్యని ఒక్క క్షణం తేరిపార చూసి, గట్టిగా వాటేసుకుంది. ఆవిడ వెనక ఓ పిల్ల నిలబడి ఉంది. షాపాయన ఏం జరుగుతోందో తెలియక అందరి మొహాలూ చూస్తున్నాడు. కంగారులో కూడా అందంగానే ఉన్నాడని మేస్త్రికి చిన్నగా కాలింది.

ఆవిడ మేస్త్రి కూతురి చెంప నిమిరి, మెడలో బిళ్ళ చూసి, "ఎంత మంచి పేరమ్మా! ఎవరు పెట్టారు?" అని అడిగింది, కళ్ళల్లో చిలిపిగా.

"మా నాన్న!" అంది పిల్ల, ఎప్పుడూ చెప్పేటంత గర్వంగా.

ఆవిడ మేస్త్రి భార్య మొహం చూసింది. ఆమె తల దించుకుంది. ఆవిడకి విషయం అందిపోయింది. "మంచి పేరు పెట్టారండీ" అంది మేస్త్రితో, మామూలుగా, నవ్వుతూ. అడక్కుండానే ఆ పేరుని రెండోసారి ఇచ్చేసింది.

తీసుకుని ఊరుకుంటే సరిపోయేది. కానీ మేస్త్రి ఊరుకోలేకపోయాడు.

"కాదమ్మా" అన్నాడు కూతురితో. "నేను పెట్టలేదు. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పాను. ఈవిడ పెట్టింది. నువ్వు ఆకలికి ఏడుస్తోంటే తన పాలిచ్చి, తన కూతురి పేరిచ్చింది."

తిరిగి వస్తూంటే తల్లి ముందు నడిచింది, పిల్ల వెనక, మేస్త్రి ఇంకా వెనక. సగం దూరం వచ్చాక ఉండబట్టలేక అడిగాడు.

"కోపమొచ్చిందా అమ్మా?"

"పేరు ఎవరు పెట్టారో నాకెందుకు నాన్నా" అంది పిల్ల, వెనక్కి తిరక్కుండానే. "నువ్వు పిలిచేవాడివి కదా అని ఇష్టం. ఈ మధ్య పిలవడం లేదు."

మేస్త్రి నడి వీధిలో ఆగిపోయాడు. కొట్లవాళ్ళు చూస్తున్నా లెక్కచేయకుండా, పోగొట్టుకున్నదాన్ని వెతుక్కుంటున్నవాడిలా గొంతెత్తి అరిచాడు.

"లుజైన్!"

ముందున్న పిల్ల ఏడుస్తూ నవ్వుతూ తిరిగింది. అది "ఆఁ నాన్నా" అనేలోపే, వెనక కళ్ళద్దాల షాపు గుమ్మంలోంచి ఇంకో గొంతు వినబడింది.

"ఏంటి పెదనాన్నా?"