సున్నా మాస్టారి మూడు ఫొటోలు

ఆ ఊళ్ళో స్టీరింగు పట్టిన ప్రతి రెండో మనిషికీ గురువు సున్నా మాస్టారే. ఆ పేరు ఆయన తెలివిని బట్టి వచ్చింది కాదు. తన డ్రైవింగు స్కూలు బోర్డు మీద, స్కూలు పేరుకన్నా పెద్దగా, బండి చక్రమంత ఎర్ర సున్నా వేయించి, దాని కింద ‘ఇరవయ్యేడేళ్ళ సర్వీసులో పడిన చలానాలు’ అని రాయించాడు. దారినపోయేవాళ్ళు సున్నాని ముందు చదివేవాళ్ళు, తక్కినది చదవడం మానేసేవాళ్ళు. పేరు అలా స్థిరపడింది.

ఆ సున్నా కోసం ఆయన చేసిన తపస్సు ఇంతా అంతా కాదు. పచ్చ లైటు వెలిగినా, ఇది నిజంగా పచ్చేనా అని ఆగి, వెనకవాళ్ళ హారన్ల సాక్ష్యం తీసుకుని మరీ కదిలేవాడు. ఒకసారి రోడ్డుకి అడ్డంగా చీమలబారు పోతుంటే ఇంజను ఆపేసి, ఆఖరి చీమ అవతలి గట్టు చేరేదాకా కూర్చున్నాడట. ఆ ఆఖరి చీమ వెనక్కి తిరిగి తనకి దండం పెట్టిందని ఆయనే చెప్తాడు. చీమ దండం సంగతి దేవుడెరుగు, వెనక ఆగిన లారీ డ్రైవరు పెట్టిన దండకం మాత్రం వీధంతా విన్నది.

ఇంట్లోనూ అదే రాజ్యాంగం. ముందుగదే స్కూలు ఆఫీసు. దాని గోడ మీద ఆయన సొంత దస్తూరీతో రెండు సూత్రాలు వేలాడుతుంటాయి. ఒకటి: ‘పక్క సీటువాళ్ళు నోరు మెదపరాదు.’ రెండు: ‘ఈ ఇంట్లో ఎవరైనా సరే, ఏ రోడ్డు మీదైనా సరే, ఒక్క చలానా పడితే ఏడాదిపాటు కారు తాళం ముట్టరాదు.’

రెండో సూత్రం కింద మొదట పట్టుబడింది ఆయన భార్యే. ఆవిడ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. పొద్దున ఏడింటికల్లా గదిలో ఉండాలి. ఆస్పత్రేమో ఊరికి ఆ కొసన. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఆవిడ బ్రేకు వేసేసరికి ముందు చక్రం తెల్లగీత మీదకి పోయింది. మర్నాటికి చలానా వచ్చింది.

“జానెడండీ! గట్టిగా కొలిస్తే జానెడు కూడా లేదు,” అంది ఆవిడ.

“పాపానికి జానాబెత్తా ఉండవు,” అంటూ మాస్టారు కళ్ళు తుడుచుకుని, తాళం తీసుకెళ్ళి తన కుర్చీ వెనక మేకుకి తగిలించాడు. “నాకు మాత్రం బాధ లేదనుకున్నావా? కానీ చట్టం చట్టమే.”

“సరే, అయితే మీరు దింపండి.”

“ఏడింటికి నాకు క్లాసుంది కదే!”

అప్పట్నుంచి ఆవిడ ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో క్యారేజీతో రెండు బస్సులు మారి వెళ్తోంది. ఏడాదంటే పన్నెండు నెలలు. మేకుకున్న తాళం కేసి రోజుకి రెండుసార్లు చూసేది. మాస్టారు ఆ చూపుని పశ్చాత్తాపం అనుకున్నాడు.

రెండు నెలలు గడిచాయి. పెళ్ళయి పాతికేళ్ళు నిండాయని ఇద్దరూ పది రోజులు విదేశం వెళ్ళారు. అక్కడ కారు అద్దెకిచ్చే కౌంటరులో అమ్మాయి తాళంతోపాటు బొమ్మలున్న చిన్న పుస్తకం చేతిలో పెట్టింది.

“ఇరవయ్యేడేళ్ళు నేర్పినవాడికి పాఠ్యపుస్తకమా!” అని మాస్టారు నవ్వి, దాన్ని భార్య ఒళ్ళో పడేశాడు. తాళం లేని మనిషికి దారిలో వేరే పనేముంటుంది? ఆవిడ దాన్ని అట్టతో సహా చదివింది.

మొదటిరోజు రోప్‌వే ఎక్కారు. తొట్టి సర్రున కిందికి జారే చోట ఎక్కణ్ణుంచో తళుక్కుమంది. దిగేసరికి ఫొటో తయారు. అందులో మాస్టారు కళ్ళు మూసి, నోరు తెరిచి, పన్ను పీకించుకుంటున్నవాడిలా పడ్డాడు. ఇంకోసారి తియ్యమని బతిమాలితే వాళ్ళకి భాష తెలియలేదు, ఈయనకి సిగ్గు తెలియలేదు. చివరికి ఆ ఫొటోయే కొనుక్కున్నాడు.

“ఏమైనా ఈ దేశంవాళ్ళది గొప్ప మర్యాదే! అడక్కుండానే ఫొటోలు తీసి పెడతారు,” అన్నాడు.

రెండోరోజు కారు తీశాడు. స్టీరింగు అటుపక్క, మీటలు ఇటుపక్క. కుడికి తిరుగుదామని మీట నొక్కితే వైపర్లు ఊగాయి. ఎర్రటి ఎండలో అద్దం తుడుచుకుంటూనే ఊరు దాటాడు. అక్కడినుంచి రోడ్డు అద్దంలా ఉంది. ఒక గుంట లేదు, ఒక గతుకు లేదు. ఆయన ఇన్నేళ్ళ నిదానానికి అసలు కారణం ఆయన నిగ్రహం కాదు, మన రోడ్ల గుంటలే. ఆ నిజం ఆయనకి తెలియకపోయినా ఆయన కాలికి వెంటనే తెలిసిపోయింది. స్పీడు ముల్లు చల్లగా పైకి పాకింది.

“ఏవండీ, ఇక్కడ కాస్త నెమ్మ...”

“పక్క సీటు!” అన్నాడు మాస్టారు. సూత్రం విదేశంలోనూ పనిచేస్తుంది.

ఆవిడ నోరు మూసుకుంది. రోడ్డు పక్కన బూడిదరంగు పెట్టె ఒకటి ఎదురుగా తళుక్కుమంది.

“చూశావా! చూశావా! రోడ్డు మీద కూడా తీస్తున్నారు!” మాస్టారు పొంగిపోయాడు. మన ఊళ్ళో పోలీసులు తీసేది వెనకనుంచి, నంబరు ప్లేటుకి. ఎదురుగా, మొహం కనబడేటట్టు తీశారంటే అది అతిథిమర్యాద కాక మరేమిటి?

ఆవిడ పెట్టె కేసి చూసింది. ఒళ్ళో ఉన్న పుస్తకం కేసి చూసింది. ఏదో లెక్క గుర్తొచ్చినదానిలా మెల్లిగా అంది: “ఏవండీ, నేను కళ్ళు మూసినట్టున్నాను.”

నిన్న కళ్ళు మూసి ఫొటోలో పడ్డవాడికి ఆ బాధ చెప్పాలా! “దానిదేముందే, ఇంకోసారి వెళ్దాం,” అని మాస్టారు చుట్టు తిరిగొచ్చాడు. ఈసారి జుట్టు దువ్వుకున్నాడు, కాలరు సర్దుకున్నాడు. కెమెరాకి తేడా రాకూడదని అదే వేగం పట్టాడు. తళుక్!

“ఈసారి మీరు పక్కకి తిరిగారండీ.”

మూడోసారి పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. తళుక్!

కారు తిరిగి అప్పజెప్పేటప్పుడు, ఫొటోలు దారి తప్పుతాయేమోనని, తన చిరునామా పెద్ద పెద్ద అక్షరాలతో మళ్ళీ రాసిచ్చాడు. ‘నీళ్ళ ట్యాంకు ఎదురుగా’ అని కూడా చేర్చాడు.

పాపం, తప్పకుండా వచ్చాయి. రెండు నెలలకి మూడు కవర్లు ఒకదాని వెంట ఒకటి దిగాయి. లోపల అర్థంకాని భాషలో కాగితం, దాని మీద నలుపు తెలుపుల్లో ఫొటో, పక్కన అంకెలు. మొదటి కాగితం మీద 71, 50 అని ఉంది. మాస్టారు వృత్తిరీత్యా మార్కులు వేసే మనిషి. ఆయనకది ఇంకోలా కనబడే వీలే లేదు.

“యాభైకి డెబ్భై ఒకటి!” అని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళ ముందు కాగితం ఊపాడు. “అక్కడ పనితనం నచ్చితే మొత్తాన్ని మించి వేస్తారురా! రెండోసారి డెబ్భై రెండు. మూడోసారి నవ్వాను చూశారూ, డెబ్భై నాలుగు!”

మూడింటికీ ఫ్రేములు కట్టించి, రెండు సూత్రాల పక్కనే తగిలించాడు. వచ్చినవాళ్ళంతా చూసి, “అమ్మగారు చక్కగా పడ్డారు మాస్టారూ,” అనేవాళ్ళు. తన గురించి అనరేమని ఆయనకి లోపల కాస్త గుచ్చుకునేది.

మూడు వారాలు ఆ వైభవం సాగింది. అప్పుడు స్కూల్లో ఒక నర్సు చేరింది. అదే దేశంలో ఉద్యోగం కోసం ఆ భాష నేర్చుకుంటోంది. ఫ్రేముల ముందు నిలబడి పెదాలు కదుపుతూ చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

“మాస్టారూ, ఇవి మార్కులు కావండీ.”

“మరి?”

“యాభైలో వెళ్ళాల్సిన చోట డెబ్భై ఒకటిలో వెళ్ళారని. ఇది చలానా.”

“ఇదీ?”

“ఇదీ చలానాయే.”

“నవ్వుతూ దిగానే, అదో?”

“నవ్వినందుకు విడిగా ఏమీ వెయ్యలేదు మాస్టారూ. కట్టకపోతే ఇంకో ఉత్తరం వస్తుందని మాత్రం ఉంది.”

“అందులోనూ ఫొటో ఉంటుందా?” అని అలవాటుకొద్దీ అడిగి, మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు.

నర్సు దయగల మనిషి. అక్కడే కూర్చుని ఫోనులో మూడూ కట్టించి వెళ్ళింది. ఆమె వెళ్ళగానే ఆయన ఫ్రేములు దింపి బీరువా వెనక తోశాడు. బోర్డు మీద సున్నా ఆయన్ని కిటికీలోంచి కన్నార్పకుండా చూస్తోంది.

సాయంత్రం రెండో బస్సు దిగి ఆవిడ లోపలికొచ్చింది. గొడుగు మూలన పెట్టి, గోడ కేసి చూసింది.

“ఫొటోలేవండీ?”

“అద్దం పగిలింది.”

“మూడింటికీనా? ఒకేసారా?”

బీరువా కాస్త ముందుకి జరిగి ఉంది. ఎముక లోపలి చీలికని పట్టే కంటికి బీరువా వెనక ఫ్రేము ఒక లెక్కా! ఆవిడ మూడూ తీసి బల్ల మీద వరసగా పేర్చింది. ఇక దాచి లాభం లేక ఆయన గొంతు పెంచాడు. “అయినా బయటిదేశం చలానా ఇక్కడ చెల్లదు!”

ఆవిడ గోడ మీద సూత్రాన్ని వేలితో చూపిస్తూ బళ్ళో పిల్లలా చదివింది. “ఏ... రోడ్డు... మీదైనా... సరే. దస్తూరీ ఎవరిదండీ?”

“కొట్టివేతలు లేకుండా రాశాను కదే,” అని మాస్టారు గొణిగాడు. అంత అందంగా ఎందుకు రాశానా అని మొదటిసారి విచారించాడు.

“ఒకదానికి ఏడాది. మూడింటికి మూడేళ్ళు. నాది ఇంకా ఏడు నెలలుందిగానీ, ఇద్దరమూ ముట్టకపోతే కారు తుప్పు పడుతుంది. ఏం చేద్దాం? మీరే చెప్పండి, చట్టం మీది.”

ఆయన తల వంచుకుని ఫొటోల కేసి చూశాడు. మూడు వారాల్లో మొదటిసారి, తన మొహం కాక పక్క మొహం చూశాడు. మొదటి ఫొటోలో ఆవిడ కళ్ళు విప్పారి ఉన్నాయి. రెండోదాంట్లోనూ. మూడోదాంట్లో ఇంకా పెద్దవిగా.

“ఒసేయ్, నువ్వు కళ్ళు మూశానన్నావు!”

“కదలకండి, ఊపిరి బిగపట్టండి అని రోజుకి వందమందికి చెప్పేదాన్ని. ఫొటో తీస్తుంటే నేను కళ్ళు మూస్తానా అండీ?”

“మరి పెట్టె సంగతి తెలిసీ చెప్పలేదేం?”

“చెప్పబోయాను. పక్క సీటు అన్నారు.”

మాస్టారు లేచి, మేకు మీది తాళం తీసి, రెండు చేతులతో ఆవిడకిచ్చాడు.

ఇప్పుడు బోర్డు మీద సున్నా అలాగే ఉంది. పెయింటరుని పిలిపించి, కింద ‘స్వదేశంలో’ అన్న మాట ఒక్కటి చేర్పించాడంతే. దాంతో మాస్టారు విదేశంలోనూ నడిపాడని ఊరికంతా తెలిసి, చేరేవాళ్ళు పెరిగారు.

పొద్దున ఏడింటి క్లాసు ఎనిమిదికి మారింది. ఆవిడ కారు నడుపుకుంటూ ఆస్పత్రికి వెళ్తుంది, వెళ్తూ ఆయన్ని స్కూలు కారు నిలిపే మైదానం దగ్గర దింపుతుంది. పక్క సీటులో మాస్టారి కుడికాలు లేని బ్రేకుని దారంతా తొక్కుతూనే ఉంటుంది. నోరు తెరుచుకోబోతే ఆవిడ ఓరకంట చూస్తుంది, మూసుకుంటుంది. మొన్న పెద్ద సిగ్నల్ దగ్గర కొత్తగా ఒక స్తంభం, దాని మీద బూడిదరంగు పెట్టె వెలిసింది. ఆవిడ తెల్లగీతకి జానెడు ఇవతలే బండి ఆపింది.

మాస్టారు తనకి తెలియకుండానే జుట్టు సవరించుకున్నాడు.