మాటలొచ్చే స్పీకరు

మా మెకానిక్ గారు పోయారు. అమలాపురం గడియార స్తంభం వెనక సందులో టీవీలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే ఆయన. సంగతి సోమవారం ఉదయం మా కాలనీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. "గొప్ప కళాకారుణ్ణి కోల్పోయాం" అని అందరికంటే ముందు పెట్టింది మా ఎదురింటి రిటైర్డు ఇంజనీరు. బతికి ఉండగా ఆయన్ని "చాదస్తపు మనిషి, వ్యాపారం తెలీదు" అని ఇంటింటికీ చెప్పి తిరిగింది కూడా ఈ పెద్దమనిషే. అందుకని నాకు తెలిసింది నేనే రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట ఆ ఇంజనీరు హోమ్ థియేటర్ పెట్టించాడు. ఏడు స్పీకర్లు. నన్ను పిలిచి, యుద్ధం సినిమా వేసి, కూర్చున్న కుర్చీ అదరగొట్టి, "లెక్చరర్ పెన్షన్‌తో ఇలాంటివి కష్టంలెండి" అన్నాడు. నేను జీవితమంతా చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి. అవమానాలు తారీఖులతో సహా గుర్తుంటాయి. నెల రోజులు పత్రికలూ ఇంటర్నెట్టూ తిరగేసి, వాట్లూ చానెళ్ళూ నోటుబుక్కు నిండా రాసుకుని, చవకలో దొరికే ఏడు చానెళ్ళ రిసీవర్ ఒకటి తేల్చుకున్నాను. సినిమా శబ్దాన్ని ఏడు పాయలుగా విడదీసి, గది చుట్టూ పెట్టిన స్పీకర్లకు పంచే పెట్టె అది. తెప్పించమని మెకానిక్ గారికి చెప్పాను.

"తెప్పిస్తానండి. ముందోసారి గది చూస్తానండి," అన్నారు.

గది చూడకుండా ఆయన ఎవరికీ సామాను ఇచ్చేవారు కాదు. చెప్పులు విడిచి, హాలు మధ్యలో నిలబడి, గట్టిగా చప్పట్లు చరిచి, కళ్ళు మూసుకుని వినేవారు. శబ్దం గోడల మీద గణగణమంటే, ముందు ఒక కొబ్బరి పీచు చాప కొని వెనక గోడకు వేలాడదీయమనేవారు. "గదే గోల చేస్తుంటే పెట్టె ఏం చేస్తుందండీ?" అనేవారు. వీధి చివర దొరికే చాప చెబితే ఎవరికి గౌరవం? జనం నవ్వేవారు. నేనూ నవ్వాను.

"రోజూ ఎక్కడ కూర్చుని చూస్తారో అక్కడ కూర్చోండి," అన్నారు. నేను హాలు మధ్యలో నా పడక్కుర్చీలో కూర్చున్నాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మగారూ, మీరండీ?"

"నాకెందుకు బాబూ. నాకు నిద్రొచ్చేస్తుంది."

"రెండేళ్ళుగా ఇదే వరస. ఇలా సినిమా మొదలవుతుంది, అలా లేచిపోతుంది," అని కసిరాను.

ఆయన సామాను చూస్తున్నట్టు ఆవిడ వెనక్కి వెళ్ళి, ఈసారి మెల్లగా చప్పట్లు కొట్టారు. నేను తల తిప్పాను. ఆవిడ తిప్పలేదు.

"ఆయ్, చాలండి," అని సంచీ తీసుకున్నారు.

గేటు దగ్గర అన్నారు: "మేష్టారూ, ఏడొద్దండి. అయిదు చానెళ్ళ చిన్న రిసీవర్ చాలు. మిగిలిన డబ్బుతో మాటలొచ్చే మధ్య స్పీకరు మంచిది తీసుకుందాం. దాని సౌండు ఒక్కటే విడిగా పెంచుకోవచ్చండి."

"ఎదురింటాయనకి ఏడు, నాకు అయిదా? అమ్మడం చేతకాదని మిమ్మల్ని అందరూ అనేది నిజమే."

ఆయన గొంతు తగ్గించారు. "బాంబులు మీకెలాగూ వినపడతాయండి. అమ్మగారికి మాటలు అందడం లేదండి. అది నిద్ర కాదు. మీరు కసురుతుంటే పైకి చెప్పుకోలేకపోతున్నారు."

"నా ఇంటి సంగతి నాకు చెప్పడానికి నువ్వెవడివయ్యా?" అన్నాను.

"తప్పేనండి," అని సైకిలెక్కి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నేను ఆవిడ వెనక నిలబడి మామూలు గొంతుతో రెండుసార్లు పిలిచాను. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూనే ఉంది.

వారం తర్వాత దుకాణానికి వెళ్ళి, "అయిదు చానెళ్ళదే తెప్పించండి," అన్నాను. "ఎప్పుడో తెప్పించేనండి," అని బల్ల కింది నుంచి పెట్టె తీశారు. "చెవి డాక్టరుకి కూడా చూపించండి. నాది వైద్యం కాదండి," అన్నారు. బిగించే రోజున నా పడక్కుర్చీని పక్కకు జరిపి, మధ్య స్పీకరుకు ఎదురుగా ఆవిడకు కుర్చీ వేశారు. "మీకు చుట్టూ శబ్దం అంత బాగా రాదండి. పరవాలేదా?" అని అడిగారు. పరవాలేదన్నాను. ఆ రోజు ఆవిడ సినిమా ఆఖరిదాకా కూర్చుంది. నవ్వవలసిన చోట, నాకంటే ముందు నవ్వింది.

ఎదురింట్లో ఏడు స్పీకర్ల మధ్య ఎవరూ కూర్చోరు. భార్యాభర్తలిద్దరూ చెరో గదిలో ఫోన్లు చూసుకుంటారు. అది ఇక్కడ అనవసరమే. అయినా రాశాను.

అంతకంటే పెద్ద బాకీ నాదే. ఈ మూడేళ్ళూ ఆ సందులో వెళ్ళినప్పుడల్లా ఆయన "ఎలా ఉందండి మేష్టారూ?" అని అడిగేవారు. "పనిచేస్తోంది," అనేవాణ్ణి. ఇన్ని పుస్తకాలు చదివిన నోటికి అంతకు మించి రాలేదు.

నిన్న సాయంత్రం ఏదో పాత సినిమా చూస్తున్నాం. హీరో తల్లి ఏదో గొణిగింది. నాకు స్పష్టంగానే వినపడింది.

"ఏమందే?" అని అడిగాను.

మా ఆవిడ కుర్చీలోంచి వంగి, నా భుజం మీద చెయ్యి వేసి, చెవిలో చెప్పింది.

"మళ్ళీ చెప్పు," అన్నాను.

ఈసారి ఇంకొంచెం నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.