కాయలు లేని ఐదు కొమ్మలు

డిసెంబరు రెండో గురువారం, పగలు పదకొండు గంటలకు రాహేలక్కను షెఫీల్డ్ మట్టిలో పెట్టాం. రెండేళ్లు దాటింది. ఈ ఉదయం మా ముంగిట్లో హాలీ మొక్కల ఎండుకొమ్మలు తీస్తుంటే ఒక ఆకు ముల్లు బొటనవేలి గోరు కింద దిగింది. సన్నటి మంట, దాని వెంటే తడిమట్టి వాసన. కత్తెర చేతిలోనే ఉంది, మనసు మాత్రం ఆ గురువారానికి పోయింది. ఆమెను మీరెవరూ చూడలేదు. చూసినా ఇష్టపడేవారని చెప్పలేను. నోరు మంచిది కాదు. నా నోరూ అంతే. అందుకే మాకు కుదిరింది.

హాలీ అంటే ఇక్కడ క్రిస్మస్‌కు తలుపులకు కట్టే ముళ్లాకుల చెట్టు. రాహేలక్క పెంచినవి మోకాలెత్తు దాటని పొట్టి రకం. మంచు పడ్డా ఆకు రాల్చవు. మాకు రెండిళ్ల అవతల ఆమె ఇల్లు. నరసాపురం దగ్గర పుట్టి, నర్సుగా ఈ దేశం వచ్చి, ఇక్కడే ఉద్యోగం ముగించి, ఇక్కడే భర్తను పోగొట్టుకున్న మనిషి. పిల్లలు లేరు. వాకిలి దారి పక్కన ఆరు మొక్కలు: ఐదు ఆడవి, ఒకటి మగది. మగదానికి కాయలుండవు, కానీ అది పూయకపోతే ఆడవీ కాయవు. ఆ వీధిలో ఇంకో మగమొక్క లేదు. ఏటా డిసెంబరులో ఎర్రటి కాయలున్న కొమ్మ ఒకటి తెంపి భర్త సమాధి మీద పెట్టి వచ్చేది. "నా పెట్టె మీదా ఇవే పెట్టాలి. కొన్న పూలు పెట్టారో, లేచి కూర్చుంటాను," అనేది.

నేను ప్రకాశం జిల్లాలో మిరపకోతలకు పోయినదాన్ని. బడి ముఖం చూడలేదు. ముసలివాళ్లను చూసుకునే కేర్ హోమ్‌లో పనిచేసే నా కూతురు సునీత, బిడ్డను చూసుకోవడానికి నన్ను పిలిపించుకుంది. రాహేలక్క కుండీల్లో గుచ్చే ప్లాస్టిక్ చీటీల మీద మొక్కల పేర్లు తెలుగులోనే రాసుకునేది. ఒకరోజు ఒక చీటీ నా చేతికిచ్చి, ఏ మొక్కదో చదివి గుచ్చమంది.

"కళ్లజోడు తేలేదక్కా."

"నీకు కళ్లజోడే లేదు కదే దేవమ్మా."

తల వంచుకున్నాను. ఆమె నవ్వలేదు. "రేపు మూడింటికి రా. టీ నేనిస్తా. సిగ్గు ఇంట్లో పెట్టేసి రా," అంది. అరవై రెండేళ్ల వయసులో ఆ చీటీల మీదే అక్షరాలు దిద్దాను. మధ్యమధ్య మొక్కల పాఠం: బూడిద వేయకూడదు, మొదట్లో ఎండుబెరడు పరచాలి, చలికాలం చివర ఎండుకొమ్మలు తీయాలి, నీళ్లు నిలవకూడదు. అన్నీ విన్నాను. ఆఖరిది మాత్రం బుర్రకెక్కలేదు.

ఒక ఫిబ్రవరిలో ఆమె మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకుంది. ముందు ఆసుపత్రి, తర్వాత సునీత పనిచేసే కేర్ హోమ్. ఇంటికి మళ్లీ రాలేదు. అంబులెన్సు ఎక్కిస్తుంటే నాతో అన్నది ఒక్క మాటే: "మగదాన్ని చూసుకో."

చూసుకున్నాను. మా వైపు బియ్యం కడిగిన నీళ్లు చిక్కుడు పాదుకో కరివేపాకు చెట్టుకో పోస్తాం. పారబోస్తే పాపమన్నట్టు పెరిగాం. అక్కడి ఎండలకు అది సరే. ఇక్కడ తెల్లారితే వాన. అయినా రోజూ గిన్నె పట్టుకుని వెళ్లేదాన్ని. మగమొక్కకు ఇంకో రెండు చెంబులు ఎక్కువ. ఎనిమిదేళ్ల మనవరాలు గ్రేస్ గొడుగు కింద నిలబడి నవ్వేది: "అమ్మమ్మా, ఇట్స్ రెయినింగ్! వై ఆర్ యూ వాటరింగ్?"

"నోర్ముయ్యవే. వాన వానే, బువ్వ బువ్వే."

ఏప్రిల్‌కల్లా మగమొక్క ఆకులు పసుపు తిరిగాయి. దాహమనుకుని ఇంకా పోశాను. పట్టి లాగితే మొత్తం చేతిలోకి వచ్చేసింది. వేర్లు నల్లగా, మురుగు కంపు. మిగతా ఐదూ కాస్త ఎత్తున ఉండబట్టి బతికాయి. వాటికీ పట్టిన పసుపు ఆకులను ఒట్టి చేతులతో ఏరి పారేశాను, ఎవరైనా చూసి ఆమెతో చెబుతారని.

ప్రతి ఆదివారం బస్సెక్కి ఆమెను చూడబోయేదాన్ని. "మగది ఎలా ఉంది?" "పచ్చగా ఉందక్కా." మేలో అడిగింది, "పూసిందా?" "పూసింది." మనిషి వారం వారం తగ్గిపోతోంది. అబద్ధమే మందనుకున్నాను. అక్టోబరులో ఒక ఆదివారం, "కాయ ఎర్రబడుతూ ఉంటుంది. వచ్చేవారం ఒక కొమ్మ తెచ్చి చూపించు," అంది.

నోటితో చెప్పే ధైర్యం లేక ఒక చీటీ మీద రాశాను: "మగమొక్కను నేనే నీళ్లు పోసి చంపాను. దేవమ్మ." ఎవరూ దిద్దించకుండా నేను రాసిన మొదటి వాక్యం అదే. ఆదివారం కొమ్మకు బదులు దాన్ని ఆమె చేతిలో పెడితే చదివింది.

"ఏప్రిల్ నుంచే తెలుసు. నీ వేళ్ల నిండా ముళ్ల గీతలు. బాగున్న మొక్కను ఎవరే అంతలా పీకేది?"

"మరి అడగలేదేంటక్కా?"

"ప్రతి వారం అడుగుతూనే ఉన్నాను కదే."

క్షమించానని అనలేదు. అలా అనే మనిషి కాదు. పెన్ను అడిగి తీసుకుని, చీటీ వెనక రాసింది: "పోసే ముందు వేలు పెట్టి చూడు." తర్వాత గోడవైపు తిరిగింది. "ఆకులే పెట్టు. కొననివ్వకు," అంది.

ఆమె పోయాక ఆ ఇంటికి వచ్చినవాళ్లు మొక్కలు పీకేస్తామంటే ఐదింటినీ మా ముంగిట్లోకి తెచ్చుకున్నాను. కొత్త మగమొక్క నాటాను. ఇంకా పూయలేదు. పూసేదాకా నేనుంటానో లేదో తెలియదు. మట్టిలో రెండు కణుపుల లోతు వేలు పెట్టందే చుక్క నీరు పోయను. సునీత డ్యూటీ నుంచి వచ్చి మాటాపలుకూ లేకుండా కూర్చుంటే ఇదివరకు పళ్లెం తెచ్చి ముందు పెట్టేసేదాన్ని. ఇప్పుడు ముందు అడుగుతాను, తింటావా, కాసేపు ఊరుకోమంటావా అని. ఊరుకోమనే రోజులే ఎక్కువని అలా అడిగాకే తెలిసింది. ఆ చీటీ నా కోటు జేబులోనే ఉంటుంది. ఒకవైపు నా తప్పు, ఇంకోవైపు ఆమె చేతిరాత.

ఆ గురువారం పదకొండింటికి అక్కడున్నవాళ్లు: ప్రార్థన చేసిన పాస్టరు సామ్యూలు గారు, నైట్ డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన సునీత, బడి మానిన గ్రేస్, కేర్ హోమ్‌లో రోజూ ఆమె తల దువ్విన లిండా, కాయలు లేని ఐదు కొమ్మలతో నేను. పెట్టెలో రాహేలక్క. లేచి కూర్చోలేదు.