ఫొటోలో చేప

"దేవుని కృపవల్ల పిల్లలందరూ క్షేమం" అంటూ శనివారం శనివారం ఫోనుకొచ్చే బోర్డింగ్ స్కూలు వార్తల్ని పటమటలో చేపలమ్మే నాంచారమ్మ నమ్మదు. ఆ వాక్యం దాటేసి, పొలుసులంటిన వేలు కొంగుకు తుడుచుకుని, ఫొటోలు పెద్దవి చేసి కొడుకు మణికుమార్ చిక్కి మెడ ఎముకలు తేలాయేమోనని వెతుకుతుంది. ఈసారి గత ఆదివారం వండిన చేపల ఫొటో పెట్టారు, కోయకముందు తీసింది. వెంటనే హాస్టలు ఫాదర్‌కి ఫోను చేసింది.

"ఫొటోలో చేపల కళ్ళు గుంటలు పడ్డాయండీ. మూడ్రోజుల సరుకది. పిల్లలకి పెట్టేశారా?"

"భలేవారమ్మా! మీవాడైతే మళ్ళీ అడిగి మరీ వేయించుకున్నాడు."

నాంచారమ్మ చేతిలో కత్తి ఆగింది.

"మావాడు చేప వాసనకే వాంతి చేసుకుంటాడు ఫాదర్ గారూ. మీరు ఎవర్ని చూసి చెబుతున్నారు?"

జవాబుకి ఆగకుండా ఫోను పెట్టేసింది. ఆమె మిగిలిన సరుకు పక్క బల్లావిడకి అప్పగించి బస్టాండుకి నడిచింది.