మామ్మ తోమిన చేపలు

మా చిన్నత్త రీసెర్చి మా మామ్మ చేతి బూడిదపాలైందని మావాళ్లంతా చెప్పుకుంటారు. మొన్న చిన్నత్త పెద్దకర్మ భోజనాల దగ్గర కూడా, విస్తరి ముందు కూర్చుని, "మా అమ్మే చెల్లి చదువు మీద బూడిద పోసిందండీ, ఏం చేస్తాం" అని మా నాన్న నిట్టూర్చాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నేను ఊపలేదు. ఆ మాట నలభై ఏళ్లుగా వింటున్నాను, అది అబద్ధం.

మర్నాడు ఏలూరు చేపల మార్కెట్‌లో ఐసు మీద వరసగా పడుకోబెట్టిన చేపను వేలితో రాసి చూశాను. చల్లటి తడి తప్ప జారుడు లేదు. వాసన కూడా ఐసుదీ, థర్మాకోలు పెట్టెలదీనూ. నా చిన్నప్పుడు కొల్లేటి లంకలో మా ఇంటి వాసన వేరు. కార్తీకమాసపు మంచులో తడిసిన కిక్కిస గడ్డి, దోనెకు కొత్తగా పూసిన తారు, చూరుకింద ఆరేసిన వలలు, పొయ్యి మీద చింతపండు పులుసులో ఉడికే బొమ్మిడాయిలు, వీటన్నిటి అడుగునా, తలుపులకీ గడపలకీ మా జడలకీ కూడా పట్టేసినట్టుండే పచ్చి చేప జిగురు వాసన. అట్లతద్ది నాడు ఇంకా చీకటుండగానే లేపి గోంగూర పచ్చడితో మామ్మ పెట్టిన అన్నం ముద్దలోనూ ఆ వాసనే. మాకది వాసనని తెలియదు, గాలే అలా ఉంటుందనుకునేవాళ్లం.

చిన్నత్త మా నాన్న చెల్లెలు. ఆ లంకలో కాలేజీ మెట్లెక్కిన మొదటి ఆడపిల్ల. కొరమీను ఒంటిమీది జిగురు మీద పరిశోధన చేసేది. బురదలో పొర్లే చేపకి ప్రతి గీతా పుండైపోకుండా ఆ జిగురు ఎలా కాపాడుతోంది, అందులో ఏముంటే క్రిములు దూరంగా ఉంటున్నాయి, ఇదీ ఆమె తేల్చాలనుకున్నది. మావుల్లో, అంటే నీళ్లలో పాతిపెట్టే వెదురుబుట్టల్లో పడ్డ చేపను తడిచేత్తో ఎత్తి, తడిగుడ్డ మీద పడుకోబెట్టి, చెంచా వీపుతో పసిపిల్ల మూతి తుడిచినట్టు జిగురు తీసి, గాజుగొట్టంలో పోసి, చేపను మళ్లీ నీళ్లలో వదిలేసేది. మామ్మకి ఇది అర్థమయ్యే పని కాదు.

"చేపని ఒదిలేసి దాని చీమిడి పట్టుకెళ్తుందండీ మా పిల్ల" అని పక్కింటివాళ్లకి గర్వంగానే చెప్పేది.

చిన్నత్త శనివారం బస్సు దిగి వచ్చిందంటే మా పిల్లలకి ఒక ఆట ఉండేది. ప్రతిదానికీ పైపొర వెతకడం. పాలమీద మీగడ, గాలానికి పట్టిన తుప్పు, చద్దన్నం కుండ లోపలి నునుపు, నత్తగుల్ల మెరుపు, నీటిబొట్టును నిలవనీయని చేమాకు, ఒడ్డున ఎండి పెళ్లలు లేచిన బురద, ఏది దొరికితే అది పట్టుకొచ్చి ఆమె ఒళ్లో పోసేవాళ్లం. ఆమె ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసి చెప్పేది. "ఇనుమైనా చేపైనా, బయటివాళ్లతో తగాదా పడేది పైపొరేనే బుల్లీ. అచ్చం నీలాగే." నాకు తెలిసినంతలో నా నోటిని మెచ్చుకున్న మనిషి ఆమె ఒక్కతే.

ఇక ఆ బూడిద సంగతి. ఆ కార్తీకంలో ఏలూరు షావుకార్ల ఇళ్లలో నీసు ముట్టరు కనక బేరం మందగించి, మంచి కొరమీను చేపలు మాకే మిగిలాయి. వాటిని ప్రాణాలతోనే కాలేజీకి తీసుకెళ్లాలని చిన్నత్త పెద్ద గంగాళంలో వేసి, ఎగిరి బయటపడకుండా మీద వల కప్పి, స్నానానికెళ్లింది. మా లంకలో ఒక మర్యాద ఉంది. గౌరవమైన ఇంటికి చేప పంపితే జిగురుతో పంపరు. బూడిదా ఉప్పూ వేసి, నాపరాయి మీద రుద్ది, తెల్లగా తళతళలాడేలా తోమి పంపుతారు. లేకపోతే ఇంటి ఆడవాళ్లకి నామర్దా. కాలేజీ మేష్టార్ల దగ్గరికి వెళ్లే చేపలు మరి! మామ్మ ఒక్కటి వదలకుండా తోమేసింది. చిన్నత్త తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి పెరట్లో బూడిదనీళ్ల కాలవ, అందులో ముక్కులు పెట్టి జుర్రుకుంటున్న బాతులు, అరుగు మీద అద్దాల్లా చేపలు.

"చూడవే, పెళ్లికూతుళ్లలా లేవూ!" అంది మామ్మ.

చిన్నత్త తువ్వాలు విప్పి దండెం మీద ఆరేసింది. తర్వాత కూర్చుని కత్తిపీట ముందుకు లాక్కుని, "ఇవాళ పులుసు పెట్టమ్మా, అందరం తిందాం" అంది. తింది కూడా. బాగుందంది. విషయం మామ్మకి మా నాన్న ద్వారా సాయంత్రానికి తెలిసింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం నేను చూశాను.

మావాళ్ల కథ ఇక్కడితో ఆగిపోతుంది. అసలు కథ మరుసటి ఏడు జరిగింది. ఒక కార్తీకం పోతే చదువు పోదు, మంచి చేపలు మళ్లీ మాకే మిగిలే ఇంకో కార్తీకం వస్తుంది. వచ్చింది. నాన్న దోనె నడుపుతుంటే చిన్నత్తా నేనూ మావుల దగ్గరికి వెళ్లాం. ఆమె చేయి తడుపుకుని మొదటి కొరమీనును ఎత్తింది. దాని డొక్క మీద రూపాయి బిళ్లంత ఎర్రటి పుండు. రెండో దానికి తోక దగ్గర. మూడోదానికి జిగురూ లేదు, చర్మమూ లేదు.

"ఎగువకి పోదామా అమ్మాయ్?" అన్నాడు నాన్న.

"ఎక్కడికెళ్లినా ఇవే నీళ్లు కదా అన్నయ్యా."

అలా అంటూ ఆమె దూరంగా చూసింది. అక్కడ కిక్కిస నరికి, మట్టి పోసి, చేపల చెరువులకి గట్లు లేపుతున్నారు. అందులో ఒక గట్టు మాది. జబ్బు చేపల జిగురు ఎంతైనా దొరుకుతుంది, పక్కన పెట్టి పోల్చడానికి ఆరోగ్యమైన చేప జిగురు కావాలి, అది లేనిదే ఏమీ తేలదు అని ఇంటికొచ్చాక నాకు చెప్పింది. మరో రెండేళ్లు ఊరూరా తిరిగింది. తర్వాత మానేసి తాడేపల్లిగూడెంలో సైన్సు టీచరుగా చేరింది.

ఆ పుళ్లకి చెరువులే కారణమని నేను ప్రమాణం చేయలేను. మామ్మ బూడిద కారణం కాదని మాత్రం ఎక్కడైనా చేస్తాను. కానీ మా మేడ, నా కాలేజీ ఫీజు, మొన్నటి పెద్దకర్మ భోజనాలు అన్నీ ఆ చెరువుల్లోంచే వచ్చాయి. తింటున్న కంచాన్ని ఎవరంటారు? పోయిన ముసలిదాన్ని అంటే ఎదురు చెప్పదు.

ఇప్పుడు మా లంక చుట్టూ గట్లు, గట్ల మీద మేత బస్తాల లారీలు. దోనెలోంచి వంగి దోసిలితో తాగిన నీళ్లు లేవు, గూడబాతులు దిగితే కప్పబడిపోయే రెల్లుపొదలు లేవు, నాపరాళ్లు ఉన్న పెరళ్లు లేవు.

మామ్మ ఆ తర్వాత పదేళ్లు బతికింది. మళ్లీ ఒక్క చేపను తోమలేదు. ఎవరైనా తోముతుంటే లేచి లోపలికెళ్లిపోయేది. చివరి రోజుల్లో చిన్నత్త చేయి పట్టుకుని, "నీ చదువు నేనే పాడు చేశానే" అనేది. చిన్నత్త ఆ చేతిని నిమిరేది, దుప్పటి సర్దేది, మందు తాగించేది. నీ తప్పు కాదమ్మా అన్న ఒక్క మాట మాత్రం అనలేదు. అంటే తప్పు ఎవరిదన్న ప్రశ్న వస్తుందనీ, పక్కగదిలో అన్నయ్య ఉన్నాడనీ ఊరుకుందా? లేక ఆ అరుగు మీద మెరుస్తున్న చేపల్ని చూసినప్పటి కోపం, పులుసుతో పాటు మింగేసిందనుకున్న కోపం, లోపల అలాగే ఉండిపోయిందా?