నల్లబడ్డ ఫ్లాస్కు

కోమల పక్కన కూర్చుంటే పులిసిన చెమట వాసన వస్తుందని హాస్టల్లో అందరికీ తెలుసు. అది ఆమె ఒంటిది కాదు, ల్యాబులో రోజూ మరిగించే ప్రొపియోనిక్ ఆమ్లానిది. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. మెస్సులో చివరి బల్ల దగ్గర ఒక్కతే తినడం నాలుగేళ్లుగా అలవాటైపోయింది.

ఆమె చేయాల్సింది పార్ఫిరిన్. నాలుగు పిర్రోల్ ముక్కలు గుండ్రంగా అల్లుకుంటే వచ్చే పదార్థం. ఆకు పచ్చదనం వెనకా, నెత్తురు ఎరుపు వెనకా ఉండేది అలాంటి అల్లికే. పుస్తకంలో రెండు లైన్ల పని. కోమల చేతిలో రెండుసార్లు మాడింది. రెండుసార్లూ ఫ్లాస్కులో తారులాంటి ముద్ద చూసి, ఎవరి కంటైనా పడుతుందేమోనని గబగబా వ్యర్థాల డబ్బాలో పోసేసింది. దసరా తర్వాత కూడా పదార్థం చూపించకపోతే పరిశోధన అంశమే మార్చేస్తానని గైడు సారు చెప్పేశారు. సీసాలో పిర్రోల్ ఇంకొక్కసారికే ఉంది.

సద్దుల బతుకమ్మ పొద్దున కరీంనగర్‌లోని ఆ ల్యాబులో ఇంకెవరూ లేరు. శ్రీరాంపూర్ నుంచి తల్లి మల్లక్క ఫోన్ చేసింది.

"ఇయ్యాల గూడ రావా బిడ్డా? బతుకమ్మకు గునుగు పువ్వు తెచ్చి పెట్టిన."

"నిన్న శుద్ధి చేసిన మందున్నదవ్వా. ఇయ్యాల వాడకుంటే ఖరాబైతది."

"మీ బాపు బొగ్గుబాయికి పోయినన్ని దినాలు గా వాసన. రిటైరయిండు, పీడ వోయిందనుకుంటే నువ్వు తయారైనవ్! తానం జేసి బస్సెక్కు, గంతే."

"చూస్తనవ్వా" అంది కోమల.

తేటగా ఉన్న పిర్రోల్‌ను, బెంజాల్డిహైడ్‌ను మరుగుతున్న ఆమ్లంలో వదిలింది. ముందు ఎరుపెక్కింది. అరగంటకు మళ్లీ అదే నలుపు. పారబోద్దామంటే డబ్బా లేదు. అటెండర్ సాంబయ్య పండుగకు పోతూ దాన్ని స్టోరు గదిలో పెట్టి తాళం వేసుకుపోయాడు. సింకులో పోయడానికి మనసొప్పలేదు. ఫ్లాస్కును అలాగే వదిలేసి, బయట మెట్ల మీద కూర్చుని సంచిలోని అటుకులు తింది.

మధ్యాహ్నం వచ్చి, చల్లారిన ఫ్లాస్కును వంచింది. అడుగున ఏదో తళుక్కుమంది. వడపోసి మిథనాల్‌తో కడిగితే నలుపంతా కిందికి కారిపోయి, కాగితం మీద ఊదారంగు పలుకులు మిగిలాయి. అదే పార్ఫిరిన్.

వాటిని చిన్న సీసాలో వేసుకుని కిందికి దిగితే, చూపించడానికి గేటు దగ్గర వాచ్‌మన్ గంగయ్య ఒక్కడే ఉన్నాడు.

"కాకా, జర గిది చూడు."

గంగయ్య ముక్కు మూసుకుని ఒకడుగు వెనక్కి వేశాడు, కానీ చిన్న సీసాను ఎండకు పట్టి చూశాడు. "గునుగుకు అద్దే రంగు లెక్కనే ఉన్నది. నాలుగేండ్ల సంది చేసింది గింతేనా? ఒక్క పువ్వుకు గూడ సరిపోదు గదా బిడ్డా!"

కోమల పైకే నవ్వింది.

మెట్లెక్కుతుంటే ఆ నవ్వు ఆగిపోయింది. ముందు పారబోసిన రెండు ఫ్లాస్కుల్లోనూ ఇది ఉండే ఉంటుంది. "నల్లగా అవుతుందా?" అని పక్క బల్ల సీనియర్‌ను ఆమె ఉన్నప్పుడే ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఆమె వెళ్లిపోయి కూడా రెండేళ్లయింది.

సారుకు ఫోటో పంపింది. ఆయన చూసినట్టు నీలం టిక్కులు పడలేదు. సాయంత్రం బస్సుకు ఇంకా గంట ఉంది. ల్యాబులో అందరూ తిరగేసే పాత నోటుపుస్తకం తీసి, ఈ పని రాసి ఉన్న పేజీలో పెద్ద అక్షరాలతో రాసింది: నల్లబడితే పారబోయకండి, చల్లారనివ్వండి.

పుస్తకం మూయబోయి, మళ్లీ తెరిచి, కింద తన ఫోన్ నంబరు కూడా రాసింది.